బైపోలార్ వ్యాధి, దూరవైద్యము: మా యింటి అనుభవము

(శతవార్షికోత్సవ సందర్భమున జరిగిన ఆరోగ్య సదస్సులో చదివిన ప్రసంగ పాఠము)



ఇటువంటి సదస్సులలో డాక్టర్లు మాటలాడుట వాడుక గాని రోగి ఇంటివారు మాటలాడుట వాడుక లేదు. మేమేమి చెప్పగలమని సందేహించితిమి. కార్యదర్శి గారు, "మీ ఇంట్లో జరిగింది జరిగినట్టు చెప్పండి, అదే చాలు" అన్నారు. మా తమ్ముని అనుమతితోనే చెప్పుచున్నాము. ఈ ప్రతిని అతడు ముందుగా చదివి రెండుచోట్ల దిద్దినాడు. ఒకచోట అతనిని గూర్చి "పాపం" అని వ్రాసియుంటిమి. ఆ మాట కొట్టివేసినాడు.

2019వ సంవత్సరము శ్రమకాల దినములలో మా తమ్ముడు తొమ్మిది రాత్రులు సరిగా నిద్రపోలేదు. రాత్రికి రెండు గంటలు కన్ను మూసిన ఎక్కువ. అయినను ఉదయమున అలసట లేదు. హార్మోనియము ముందర కూర్చుండి రాత్రంతయు పాటలు కట్టినాడు. వేకువజాము ప్రార్థనకు అందరికంటె ముందు వచ్చి, అందరికంటె గట్టిగా, అందరికంటె ఎక్కువసేపు ప్రార్థించినాడు. గుడికని మూడు కీబోర్డులు వాయిదాల మీద కొన్నాడు. మా మరదలి మెడలోని గొలుసు తాకట్టు పెట్టి కానుక వేసినాడు. సంఘములో అనేకులు "ఆత్మ నింపుదల" అన్నారు. మేమును అట్లే అనుకొని సంతోషించితిమి. ఒక్క మా మరదలు మాత్రము, "ఆయన అన్నం తినడం లేదు, మాట మధ్యలో ఆగడం లేదు, నాకు భయంగా ఉంది" అన్నది. ఆమెకు విశ్వాసము తక్కువని మేమందరము ఆమెనే మందలించితిమి. ఆ సంగతి ఇప్పటికిని మాకు సిగ్గుగా నున్నది.

కొన్ని వారములకు ఆ వేగము తగ్గినది. అప్పులు మిగిలినవి. మరి రెండేండ్లకు, 2021 జూన్ నెలలో, మా తమ్ముడు మంచము పట్టినాడు. జ్వరము లేదు, నొప్పి లేదు. స్నానము చేయుటకు లేవలేడు. బిడ్డలను పలుకరించడు. ఒకనాడు వాడు మా మరదలితో, "నేను లేకపోతే మీకందరికీ సుఖంగా ఉంటుంది" అన్నాడు. కరోనా రెండవ కెరటపు దినములవి. పట్టణములోని మనోవైద్యుని యొద్దకు పోవు మార్గము లేకపోయెను. అందుచేత ఫోనులో డాక్టరు గారిని సంప్రదించితిమి.

అక్కడ జరిగినది కొంచెము వివరముగా చెప్పెదము. ఈ ప్రసంగము అందుకొరకే.

మా తమ్ముడు తలుపు వేసికొని ఒక్కడే మాటలాడినాడు. పన్నెండు నిమిషములు. ఆ డాక్టరు గారు అడిగిన ప్రశ్నలు మంచివే. నిద్ర ఎట్లున్నది, ఆకలి ఎట్లున్నది, చావవలెనను తలంపు వచ్చుచున్నదా అని అడిగినారు. ఇంతకుముందు ఎప్పుడైన మనోవ్యాధి వచ్చెనా అని కూడ అడిగినారు. "రాలేదండి" అన్నాడు. అబద్ధము కాదు. 2019లో వచ్చినది వ్యాధియని వానికిని తెలియదు, మాకును తెలియదు. కుంగుబాటుకు మాత్రలు వ్రాసినారు. మూడు వారములు గడువకముందే మా తమ్ముడు లేచి కూర్చున్నాడు. స్తోత్రమనుకొన్నాము. మరి నాలుగు దినములకు అర్ధరాత్రి మోటారు సైకిలు తీసికొని, గోదావరి గట్టు వెంబడి లైటు లేకుండ పోయినాడు. పట్టుకొన వచ్చిన వారిని తిట్టినాడు, ఒకరిని కొట్టినాడు.

బైపోలార్ వ్యాధికి రెండు ముఖములు. ఒకటి కుంగుబాటు. రెండవది ఉద్రేకము, నిద్ర అక్కరలేదనిపించుట, మాట వేగము, తలంపుల పరుగు, చేతికి అడ్డులేని ఖర్చు, తాను గొప్ప కార్యమునకు పిలువబడితినను నమ్మిక, కోపము. ఈ ఉద్రేకము వారము దినములుండిన, లేక ఆసుపత్రిలో చేర్పించునంత తీవ్రమైన, దానిని ఉన్మాద దశ అందురు. అంతకంటె తేలికగా నాలుగు దినములైన నుండునది మరియొక రకము; అది చూచువారికి చలాకీతనము వలె కనబడును. రోగి డాక్టరు యొద్దకు వచ్చునది సాధారణముగా కుంగినప్పుడే. ఉద్రేకములో నున్నవాడు తనకు రోగమున్నదని ఒప్పుకొనడు. అంతటి ఆరోగ్యము తనకెన్నడును లేదనుకొనును. కాబట్టి డాక్టరు సగము వ్యాధినే చూచును. కేవలము కుంగుబాటు మాత్రలే ఇచ్చినయెడల కొందరికి రెండవ ముఖము లేచును. మా తమ్ముని విషయమున జరిగినదదే. సరియైన పేరు తెలియుటకు అనేకులకు ఏండ్లు పట్టుచున్నవి.

ఈ పొరపాటు ఎదురుగా కూర్చున్నప్పుడును జరుగును. అయితే ఎదుట నున్నప్పుడు వరండాలో భార్య కూర్చుండును, తల్లి కన్నీరు తుడుచుకొనుచుండును, డాక్టరు వారిని లోనికి పిలుచును. ఫోనులో వరండా లేదు. తెరమీద ఒక ముఖము, ఆ ముఖము చెప్పిన మాట, అంతే.

రెండవసారి వేరొక డాక్టరు గారు. ఆమె వీడియోలోనే చూచెదనన్నారు. మొదట తన పేరు, రిజిస్ట్రేషను సంఖ్య చెప్పినారు. రోగి పేరు, వయస్సు, ఆ క్షణమున ఏ యింట, ఏ వీధిలో నున్నాడో, ప్రమాదమైన ఎవరికి ఫోను చేయవలెనో, దగ్గరి ఆసుపత్రి ఏదో వ్రాసికొన్నారు. ఇవన్నియు ఎందుకని మేము విసుగుకొన్నాము. మాటలాడుచుండగా రోగి లేచి బయటికి పరుగెత్తిన, దూరముననున్న డాక్టరు ఏమి చేయగలరు? ఆ చిరునామా, ఆ రెండవ ఫోను నంబరు, అవే ఆమె చేతులు. తరువాత గదిలో ఇంకెవరున్నారని అడిగి, అందరిని బయటికి పంపి, మా తమ్మునితో ఒంటరిగా మాటలాడినారు. కెమెరాకు కనబడని మూల అత్తగారో మామగారో నిలుచుండిన రోగి నోరు విప్పడు, మరి చావు తలంపుల మాట అసలే చెప్పడు. ఇది మనవారు బాగుగా గ్రహించవలెను. గదిలోనుండి పొమ్మన్నప్పుడు నిజముగా పోవలెను.

ఆ తరువాత ఇంటివారిని పిలిచినారు. మా పెద్దక్కయ్య కువైటులో నర్సు. అక్కడనుండి ఆమెయు ఆ వీడియోలోనే చేరినది. దూరవైద్యమునకు ఏ మేలు లేదనువారికి మేమిది చెప్పుచున్నాము: ఏ ఆసుపత్రి వరండాలోను మా అక్కయ్య కూర్చుండగలిగియుండేది కాదు. డాక్టరు గారు అడిగినారు. "అమ్మా, ఈయన ఎప్పుడైనా చాలా రోజులు నిద్ర లేకుండా, అలసట లేకుండా ఉన్నారా?" అక్కయ్య కొంతసేపు మౌనముగా నుండి, "ఉన్నాడండి. నా దగ్గర ఉంది" అన్నది.

2019లో రాత్రి రెండు గంటలకు, మూడు గంటలకు తమ్ముడు ఆమెకు వాట్సాప్‌లో పంపిన మాటలను ఆమె చెరిపివేయలేదు. తేదీ, వేళ అన్నియు దానిమీదనే యున్నవి. ఒకటి వినిపించినది. మా తమ్ముని గొంతే. కాని ఊపిరి తీయుటకు సందులేని మాట, ఒక సంగతి నుండి వేరొక సంగతికి దుముకుట, మధ్యలో పాట, మధ్యలో నవ్వు, తన పాటలు లోకమంతట పాడెదరని ప్రకటన. రెండు నిమిషములు విని డాక్టరు గారు చాలునన్నారు. అక్కయ్య మరియొకటి చెప్పినది. 2011లో కాలేజీ హాస్టలులో కూడ ఇట్టిది జరిగి, పరీక్షల ఒత్తిడియని ఇంటికి పంపివేసినారట. మా నాన్నగారికి తెలిసియు ఎవరికిని చెప్పలేదు. మా చిన్నాయన ఒకరు బావిలో పడి చనిపోయినది కూడ ఆ దినమే మేము మొదటిసారి పైకి చెప్పుకొన్నాము. ఇంట్లో ఇటువంటివి "కాలు జారినది" అనియే చెప్పుకొందుము.

అప్పుడు వ్యాధికి పేరు దొరికినది. తెర డాక్టరుకు చూపగలిగినది ఆ నలువది నిమిషములు. వ్యాధి పొడవు పదేండ్లు. మిగిలినది చెప్పవలసినవారము మేము, మేమే దాచియుంచితిమి.

దూరమునుండి మనోవైద్యము కరోనాతో పుట్టినది కాదు. అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రమున 1964లోనే 112 మైళ్ల దూరపు ఆసుపత్రికి టెలివిజను సంబంధము కలిపి మనోరోగులను చూచినారు. మన దేశమున 2020 మార్చి 25న టెలీవైద్యమునకు నియమావళి వెలువడినది. దానితో డాక్టరు ఫోనులో మందు వ్రాయుటకు స్పష్టమైన ఆధారము కలిగినది. కొన్ని మందులు మాత్రము ఈ మార్గమున వ్రాయరాదని అందులోనే కట్టడి చేసినారు. కాబట్టి నిద్రమాత్ర వ్రాయలేదని డాక్టరుతో తగవు పడవద్దు. 2022 అక్టోబరు 10న ప్రభుత్వమువారు టెలి మానస్ సేవను ఆరంభించినారు. నంబరు 14416. ఇరువదినాలుగు గంటలును, ఉచితముగా, తెలుగులో మాటలాడుదురు. మొదట తర్ఫీదు పొందిన సలహాదారు వినును; అవసరమైన నిపుణునికి అప్పగించును.

2015–16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో బైపోలార్ రోగులలో నూటికి సుమారు డెబ్బదిమందికి చికిత్స అందుటలేదని తేలినది. ఆ సర్వే పన్నెండు రాష్ట్రములలో జరిగినది. మన తెలుగు రాష్ట్రములు అందులో లేవు. ఉండినయెడల ఆ లెక్కకు బయటనున్నవారిలో మా తమ్ముడొకడై యుండును.

ఇక మందు సంగతి. మా తమ్మునికి లిథియం ఇచ్చినారు. 1949లో జాన్ కేడ్ అను ఆస్ట్రేలియా డాక్టరు ఉన్మాదమునకు ఈ ఉప్పు పనిచేయునని ప్రకటించినాడు. ఖరీదైన మందు కాదు. అయితే ఇది ఫోనుతోనే అయిపోవు మందు కాదు. రక్తములో దాని పాలు చూచుచుండవలెను. నిలకడ చికిత్సలో సాధారణముగా లీటరుకు 0.6 నుండి 0.8 మిల్లీమోలుల మధ్య నుంచుదురు. తక్కువైన పనిచేయదు, హద్దు మీరిన విషము. రాత్రి మాత్ర వేసికొనిన పన్నెండు గంటలకు రక్తము తీయవలెను. ఆరు నెలలకొకసారి మూత్రపిండములు, థైరాయిడ్ కూడ చూడవలెను. మా ఊరి ల్యాబు అబ్బాయి మొదటిసారి పచ్చమూత గొట్టములో రక్తము తీయబోగా, అక్కయ్య కువైటునుండి ఫోనులో, "ఒరే బాబూ, ఆగు! అందులో లిథియం ఉప్పే కలిపి ఉండొచ్చు, లెక్క తప్పుతుంది" అని ఆపినది. దూరవైద్యములో ఇదియు ఒక భాగమని మేము నవ్వుకొందుము.

చేతులు చాపి కెమెరాకు చూపుమని డాక్టరు గారు ప్రతిసారి అడుగుదురు. వణుకు చూచుటకు. బరువు, రక్తపోటు మేమే చూచి చెప్పుదుము. అక్కరనుబట్టి ఇతర మందులు కూడ ఇత్తురు. కొన్నిటితో బరువు, చక్కెర పెరుగును. వాల్‌ప్రోయేట్ అను మందు పిల్లలు కలుగు వయసు స్త్రీలకు సాధారణముగా ఇవ్వరాదు. కడుపులోని బిడ్డకు వెన్నెముక లోపము కలిగించగలదు. పెండ్లికావలసిన అమ్మాయిలున్న తల్లులు ఈ మాట డాక్టరుతో సిగ్గు విడిచి మాటలాడవలెను. ఫోనులో అడుగుట ఎదుట కూర్చుండి అడుగుటకంటె సులువేమో కూడ.

ఇప్పుడు మన సంఘమునకు మాత్రమే సంబంధించిన రెండు సంగతులు. ఇవి డాక్టరు గారు అడుగలేదు, ఆమెకు తెలియు అవకాశము లేదు. మేమే చెప్పితిమి.

మొదటిది ఉపవాసము. లిథియం తీసికొనువాడు నీళ్లు మాని, ఉప్పు మాని ఉపవాసముండిన రక్తములో మందు పాలు పెరుగును. మన వేసవిలో, చెమట పోవుచుండగా, మరింత ప్రమాదము. 2022 శ్రమకాలమున మా తమ్ముడు మాతో చెప్పక మూడు దినములు నీళ్లు లేక ఉపవసించినాడు. దానిమీద మోకాలి నొప్పికి మందుల షాపులో నొప్పి మాత్రలు కొని వేసికొన్నాడు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి కూడ లిథియంను పెంచును. మూడవనాడు వాంతులు, విరేచనములు, చేతులు దడదడ వణకుట, త్రాగినవానివలె నడక, మాట ముద్దయగుట. వీడియో కలిపితిమి. డాక్టరు గారు అర నిమిషము చూచి, "నాతో మాట్లాడొద్దు, ఇప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్లండి, లిథియం వేయొద్దు" అని ఫోను పెట్టివేసినారు. మాకు మొదట కోపము వచ్చినది. తరువాత తెలిసినది, ఆమె చేసిన మంచి వైద్యములలో అదియొకటి. ఆ రాత్రి సెలైను ఎక్కించి, రక్తము చూచి, నాలుగు దినములుంచుకొని పంపినారు. ఇప్పుడు మా గురువుగారు శ్రమకాలము మొదటి ఆదివారమున, మందులు వాడువారు డాక్టరును అడుగక ఉపవసించవద్దని పుల్పిటు మీదనుండే ప్రకటించుచున్నారు. ఎవరి పేరును చెప్పరు.

రెండవది రాత్రి ప్రార్థనలు. ఈ వ్యాధి గలవానికి ఒక రాత్రి నిద్ర చెడిన ఉద్రేకము లేచుటకు చాలును. డిసెంబరు 31 రాత్రి ఆరాధనకు మా తమ్ముడు రాడు. పది గంటలకు పండుకొనును. జనవరి 1 ఉదయపు ఆరాధనకు వచ్చి హార్మోనియము వాయించును. మొదటి సంవత్సరము పెద్దలు కొందరు వాడు వెనుకంజ వేసినాడన్నారు. మేము జవాబు చెప్పలేదు; మా మరదలు చెప్పినది. "మీరు 2019లో కూడా చూశారు కదండీ" అన్నది. అంతే.

ప్రార్థన మానవలెనని మేము చెప్పుటలేదు. ఏలీయా బదరీవృక్షము క్రింద కూర్చుండి చావు కోరుకొన్నప్పుడు దూత అతనికి ప్రసంగము చేయలేదు. నిద్రపోనిచ్చెను, లేపి రొట్టె, నీళ్లు పెట్టెను, మరల నిద్రపోనిచ్చెను. మన కీర్తనల చరిత్ర తెలిసినవారికి విలియం కౌపర్ తెలియును. జాన్ న్యూటనుతో కూడ 1779లో ఓల్నీ కీర్తనలు వెలువరించినవాడు. ఆయన మనోవ్యాధికి నేటి పేరు పెట్టుట మా పని కాదు. 1773లో అది ఆయనను చావు అంచుదాక తీసికొనిపోగా, న్యూటను తన పారిషు ఇంటిలో ఏడాదికి పైగా ఉంచుకొని కాపాడినాడు. ఆ కాలమున లిథియం లేదు, టెలీఫోను లేదు. ఒక ఇల్లు తలుపు తీసియుండెను.

ఫోనుతో సరిపోనివి మరికొన్ని కలవు. చావుకు ఉపాయము ఆలోచించుకొని యున్నవాడు, తిండి నీళ్లు మానినవాడు, ఇతరులమీద చేయిచేసికొనువాడు, లేని స్వరములు విని వాటికి లోబడువాడు, వీరిని వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. హైదరాబాదు ఎర్రగడ్డలోను, విశాఖపట్నములోను ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నవి. కట్టివేయవద్దు. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఎర్వాడిలో గొలుసులతో కట్టబడియున్న రోగులు మంటలలో చిక్కి చనిపోయినారు. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టము గొలుసును నిషేధించినది.

మా యింట ఇప్పుడొక నోటు పుస్తకమున్నది. నిద్రపోయిన గంటలు, వేసికొన్న మాత్రలు, ఖర్చు, మనస్సు స్థితికి ఒకటినుండి పది వరకు అంకె, ప్రతి రాత్రి తమ్ముడే వ్రాయును. నిద్ర వరుసగా రెండు రాత్రులు అయిదు గంటలకు తగ్గిన డాక్టరుకు తెలుపుటకు మా మరదలికి అధికారమున్నది. బాగున్నప్పుడు అతడే సంతకము చేసి ఆమెకిచ్చిన అధికారమది. బాగున్నప్పుడే ఇటువంటివి మాటలాడుకొనవలెను. లేచినప్పుడు వినడు, కుంగినప్పుడు దేనికైన సరేయనును. ఇప్పటివరకు ఆమె రెండుసార్లు ఫోను చేసినది. రెండవసారి తమ్ముడు మూడు దినములు ఆమెతో మాటలాడలేదు. మందు పాలు సవరించినారు, ఆసుపత్రి అవసరము రాలేదు.

చివరగా ఒక ప్రకటన. మన ఊరిలో ఫోను సిగ్నలు అందరి ఇండ్లలో రాదు, అందరి ఇండ్లలో ఒంటరి గదియు లేదు. గురువుగారు, సంఘ పెద్దలు దయతో గుడి వెనుక వెస్ట్రీ గదిని బుధ, శనివారములలో ఉదయము పదినుండి ఒంటిగంట వరకు ఇందుకొరకు ఇచ్చినారు. ఒక బల్ల, రెండు కుర్చీలు, ఫోను నిలుపు చెక్క, బరువు చూచు యంత్రము, రక్తపోటు యంత్రము ఉన్నవి. లోపల గడియ ఉన్నది. తాళపుచెవి మా మరదలి యొద్దనున్నది. ఎవరు, ఎందుకు వచ్చిరని ఆమె అడుగదు.